సింహాలు ఎవరికి కాపలా?



ఈసారి మా వసతి గృహ వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థుల్లో ఒక అన్న, బియ్యం సంచిలో గడ్డి నింపి, దాని మధ్యలో భద్రంగా పెట్టి రెండు బొమ్మలు తెచ్చాడు. జానెడు ఎత్తు ఉన్నాయి. రెండూ సింహాలే. ఒళ్లంతా ఆకుపచ్చ, జూలు పసుపు, పీట మాత్రం వంకాయ రంగు. ఎండలో పెడితే నూనె రాసినట్లు మెరుస్తున్నాయి. "ఇవి చైనావి, మూడు వందల ఏండ్ల నాటివి. నగరంలో ఒక పాత సామాన్ల దుకాణంలో ఆరు వేలు పెట్టి కొన్న. మన హాస్టల్ గేటుకు అటొకటి ఇటొకటి పెడదాం" అన్నాడు. అన్న కరెంటు పని చేస్తాడు. ఆరు వేలు అంటే ఆయనకు ఎన్ని రోజుల కష్టమో మాకు తెలుసు.

పెట్టాలా వద్దా అన్న మాట వచ్చింది. అసలు ఇవి ఏమిటి, ఎక్కడివి, నిజంగా అంత పాతవా అన్న మాట కూడా వచ్చింది. వార్డెన్ సార్ "సంచిక కోసం మీరే తెలుసుకొని రాయండి" అన్నారు. అలా మేము నలుగురం కలిసి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

సింహం లేని దేశంలో సింహం

ముందుగా ఒక వింత. చైనాలో సింహాలు లేవు. అక్కడి అడవుల్లో పులి ఉంది, చిరుత ఉంది, సింహం మాత్రం ఎన్నడూ లేదు. క్రీ.శ. 1వ శతాబ్దం చివర్లో హాన్ చక్రవర్తులకు పడమటి రాజ్యాల వాళ్లు సింహాలను కానుకగా పంపినట్లు అక్కడి చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఆ జంతువును కళ్లతో చూసినవాళ్లు రాజధానిలో కొద్దిమందే. మిగిలిన శిల్పులూ కుమ్మరులూ విన్నదాన్ని బట్టి, బొమ్మల్లో చూసినదాన్ని బట్టి చేశారు. చైనా సింహానికి గుండ్రటి ముఖం, ఉంగరాల జూలు, ఉబ్బిన కళ్లు ఉండి, కొంచెం కుక్కపిల్లలా కనిపించడానికి కారణం ఇదే. ఐరోపా వాళ్లు వీటికి "ఫూ డాగ్స్" అని పేరు పెట్టారు. "ఫో" అంటే చైనా భాషలో బుద్ధుడు. చైనా వాళ్లు మాత్రం వీటిని కుక్కలు అనరు. వాళ్లకు ఇవి "షీ", అంటే సింహాలే.

బుద్ధుడి పేరు ఎందుకు వచ్చింది? ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. బుద్ధుణ్ణి శాక్యసింహుడు అన్నారు. ఆయన బోధను సింహనాదం అన్నారు. అశోకుడు సారనాథ్‌లో నిలబెట్టిన స్తంభం పైన నాలుగు సింహాలు వీపులు కలిపి కూర్చున్నాయి. 1950 జనవరి 26 నుంచి అదే మన జాతీయ చిహ్నం. మన జేబులోని రూపాయి నాణెం మీద ఉన్నది ఆ సింహాలే.

తెలుగు నేల మీద కూడా ఈ కాపలా సింహాలు చాలా పాతవి. కృష్ణా ఒడ్డున ఉన్న అమరావతి స్తూపం పలకల మీద ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. ఆ బొమ్మలో ద్వారానికి రెండు వైపులా స్తంభాల మీద సింహాలు కూర్చొని, వచ్చేవాళ్లను చూస్తూ ఉంటాయి. ఆ పలకల్లో చాలా భాగం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, చెన్నై మ్యూజియంలోనూ ఉన్నాయి. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఆ ధాన్యకటక ప్రాంతానికి వచ్చి, కొంతకాలం ఉండి, చదువుకొని వెళ్లాడు. ఆయన కంటే ముందే భిక్షువులూ వర్తకులూ బుద్ధుడి విగ్రహాలతోపాటు ఆయన పాదాల దగ్గరి రెండు సింహాలను మధ్య ఆసియా దారుల్లో చైనాకు చేర్చారు. గుహాలయాల్లో బుద్ధుడి ముందూ, సమాధుల ముందూ కూర్చున్న సింహాలు తర్వాత కచేరీలు, కోటల గేట్ల ముందుకు వచ్చాయి. చివరికి కలిగినవాళ్ల ఇళ్ల గేట్ల దగ్గరా కూర్చున్నాయి.

అక్కడితో ఆగలేదు. జపాన్‌లో గుడుల ముందు ఇవే "కొమాయిను" అయ్యాయి. ఒకటి నోరు తెరిచి, ఇంకొకటి మూసి ఉంటుంది. తెరిచిన నోరు "అ" అంటుందట, మూసిన నోరు "ఉమ్" అంటుందట. రెండూ కలిస్తే మన ఓంకారం. ఒకినావా దీవుల్లో ఇంటి కప్పుల మీద మట్టితో చేసిన "షీసా" సింహాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

బంతి ఒకదానిది, పిల్ల ఒకదానిది

అన్న తెచ్చిన బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. ఒకదాని కుడి పంజా కింద బంతి ఉంది, అది మగది. ఇంకొకదాని ఎడమ పంజా కింద చిన్న పిల్ల వెల్లకిలా పడి ఉంది, అది ఆడది. జత ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది. గేటు బయట నిలబడి చూసేవారికి మగ సింహం కుడి వైపు, ఆడ సింహం ఎడమ వైపు ఉండాలన్నది అక్కడి ఆనవాయితీ. బీజింగ్ రాజప్రాసాదంలో ఇవి కంచుతో చేసినవి. బీజింగ్ దగ్గర 1192లో పూర్తయిన లుగౌ వంతెన స్తంభాల మీద దాదాపు 500 రాతి సింహాలున్నాయి. ఏ రెండూ ఒకేలా ఉండవంటారు.

గేటు దగ్గరివి రాయి, కంచు. ఇంట్లో పూజా స్థలం దగ్గర పెట్టుకొనేవి మట్టివి. చిన్న మట్టి సింహాల్లో చాలావాటికి పక్కన సన్నటి గొట్టం ఉంటుంది. అందులో అగరుబత్తి గుచ్చుతారు. అన్న తెచ్చిన వాటికీ ఉంది. దాన్ని పెన్ను పెట్టుకొనే స్టాండు అనుకొని మాలో ఒకడు పెన్ను గుచ్చేశాడు కూడా!

మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక అసలు సంగతి, ఆ మెరుపు. మన ఇళ్లలో కుండ ఉంది, పచ్చడి జాడీ ఉంది. రెండూ మట్టివే. కుండలో నీళ్లు పోస్తే చెమట పడుతుంది, అందుకే నీళ్లు చల్లబడతాయి. జాడీలో మామిడికాయ తొక్కు పెడితే నూనె బొట్టు కూడా బయటికి రాదు. తేడా అంతా పైనున్న గాజు పొరలో ఉంది. దాన్నే గ్లేజు అంటారు. అన్న సింహాల మీద ఉన్నదీ అదే.

మా సైన్సు సార్ చెప్పిన వివరం ఇది. గాజుకు మూలం ఇసుకలోని సిలికా. అది ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీల పైన వేడి కావాలి. ఆ వేడి ఏ కుమ్మరి ఆవంలోనూ రాదు. కాబట్టి దాన్ని తక్కువ వేడికే కరిగించే పదార్థం ఒకటి కలపాలి. కట్టెల బూడిద ఆ పని చేస్తుంది, సీసం ఇంకా తేలికగా చేస్తుంది. కరిగిన గాజు బొమ్మ మీద నుంచి కిందికి జారిపోకుండా కొంచెం బంకమట్టి కలుపుతారు. ఈ మూడింటినీ నూరి, నీళ్లలో కలిపి, ఒకసారి కాల్చిన బొమ్మకు పూసి మళ్లీ కాలుస్తారు. పూసినప్పుడు అది సున్నం నీళ్లలా ఉంటుంది. ఆవంలో నుంచి బయటికి వచ్చేసరికి అద్దంలా మారుతుంది.

రంగు లోహాల వల్ల వస్తుంది. సీసపు గ్లేజులో రాగి కలిపితే ఆకుపచ్చ, ఇనుము కలిపితే తేనె రంగు లేదా పసుపు, మాంగనీసు కలిపితే వంకాయ రంగు, కోబాల్టు కలిపితే నీలం. అదే రాగిని సీసం లేని క్షారపు గ్లేజులో వేస్తే నెమలి కంఠం రంగు వస్తుంది.

చైనాలో తాంగ్ రాజుల కాలంలో (618–907) ఇలాంటి మూడు రంగుల బొమ్మలు సమాధుల్లో పెట్టడానికి చేశారు. గుర్రాలు, ఒంటెలు, కాపలా మృగాలు, సింహాలు అన్నీ ఉన్నాయి. తర్వాత ఇదే పద్ధతి ఇంటి కప్పుల పెంకులకు వచ్చింది. బీజింగ్ రాజప్రాసాదం మీద మెరిసే పసుపు పెంకులు ఇవే. కాంగ్షీ చక్రవర్తి కాలంలో (1662–1722) పసుపు, ఆకుపచ్చ, వంకాయ రంగుల చిన్న సింహాలు జతలుగా ఐరోపాకు ఓడల్లో వెళ్లాయి. ఫుజియాన్ రాష్ట్రంలోని దెహువాలో అదే కాలంలో పాలలా తెల్లగా ఉండే సింహాలు చేశారు. జింగ్‌దెజెన్ ఊరి దగ్గరి గావొలింగ్ కొండ పేరు మీదనే తెల్ల మట్టికి "కేవలిన్" అన్న పేరు ప్రపంచమంతా పాకింది. మనం పింగాణీ అంటున్నది ఆ మట్టిని 1300 డిగ్రీల దగ్గర కాల్చితే వచ్చేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సీసం విషం. బొమ్మ మీద ఉంటే మనకేమీ కాదు. కానీ సీసపు గ్లేజు ఉన్న రంగురంగుల గిన్నెలో చింతపులుసు, నిమ్మకాయ, పెరుగు పెడితే పులుపుకు సీసం కరిగి తిండిలోకి వస్తుంది. చిన్నపిల్లల మెదడుకు అది చాలా చేటు. మన పచ్చడి జాడీలు ఎక్కువ వేడి మీద కాల్చినవి, వాటి గ్లేజుకు సీసం అవసరం లేదు. అందంగా ఉందని ఎక్కడిదో తెలియని అలంకారపు గిన్నెలో మాత్రం అన్నం తినకండి.

మంజీర ఎగువన మన సింహాలు

మెరిసే మట్టి పని చైనాది మాత్రమే అనుకుంటే పొరపాటు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, మన నిజాంసాగర్‌కు రాకముందు కర్ణాటకలోని బీదర్ సీమ గుండా వస్తుంది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు బీదర్‌ను రాజధాని చేసుకున్నారు. అక్కడ 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదరసా గోడల మీద నీలం, తెలుపు, పసుపు గ్లేజు పలకలు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. ఆ పని పర్షియా పద్ధతిది. బీదర్ కోటలోని తఖ్త్ మహల్ కమాను పక్కన గ్లేజు పలకలతో చేసిన పులి లాంటి మృగం, దాని వెనుక ఉదయించే సూర్యుడు ఉన్నాయి. మనకు దగ్గరలో రంగు గ్లేజుతో చేసిన మృగరాజు అంటే అదే అనుకోవాలి. కోట ద్వారాల్లో ఒకటైన షర్జా దర్వాజాకు ఆ పేరు రావడానికి కారణం దాని ముందు భాగంలో చెక్కిన రెండు పులులు. గోల్కొండ బాలా హిస్సార్ ద్వారం మీద కూడా సింహాలున్నాయి.

చైనా సరుకు మన నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో 1244లో వేయించిన శాసనంలో ఏ సరుకుకు ఎంత సుంకమో ఉంది. అందులో చీనా కర్పూరం పేరు ఉంది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవారు చైనా, జపాన్ వస్తువుల గదులు చూసే ఉంటారు. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న ఆ మ్యూజియం మొదలైంది. టూరుకు వెళ్లినప్పుడు అందరం గడియారం గంట కొట్టే దగ్గరే గుమిగూడుతాం. ఈసారి వెళ్లేవాళ్లు పింగాణీ గదుల్లో కూడా ఒక అరగంట ఆగండి.

తాత చెప్పిన తీర్పు

ఇప్పుడు అన్న ప్రశ్న. ఇవి మూడు వందల ఏండ్లవా?

పక్క ఊళ్లో కుమ్మరి తాత ఒకాయన ఉన్నాడు. బొమ్మలు పట్టుకొని పోయాం. ఆయన చైనా పేరు విన్నాడు గానీ ఆ దేశం ఎటుందో అడగలేదు. ముందు బొమ్మను తిరగేశాడు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కింద గ్లేజు లేని చోట నాలుక ఆనించి చూశాడు. పక్క నుంచి వేలు జరిపి ఒకచోట ఆపాడు.

"ఇగో, ఇక్కడ అతుకు ఉన్నది సూడుండ్రి బిడ్డా. రెండు అచ్చులల్ల పోసి కలిపిండ్రు. నడుమ డొల్ల. డొల్ల లేకుంటే ఆవంల పగులుతది. పని మంచిగనే చేసిండు. కాని చేత్తో గీసినది తక్కువ."

అచ్చు ఉన్నంత మాత్రాన కొత్తదని కాదు. చైనాలో అచ్చులు ఎంతో కాలంగా ఉన్నాయి. తాత చేతిలో ఉన్నప్పుడే మాకు ఇంకొకటి కనిపించింది. పీట అడుగున దుమ్ము తుడిస్తే ఇంగ్లీషు అక్షరాల్లో "చైనా" అన్న ముద్ర ఉంది. ఇదే మాకు దారి చూపింది. అమెరికా 1890లో ఒక సుంకాల చట్టం చేసింది. దాని ప్రకారం 1891 నుంచి అక్కడికి దిగుమతి అయ్యే సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో ఉండాలి. ఆ తర్వాతనే ఇట్లాంటి ముద్రలు వాడుకలోకి వచ్చాయి. మూడు వందల ఏండ్ల కిందట చైనా కుమ్మరి ఇంగ్లీషులో ముద్ర వేయవలసిన పని లేదు. అంటే ఈ జత ఆ కాలపుది కాదు. విదేశాలకు అమ్మడానికి తర్వాతి కాలంలో చేసినది.

ముద్ర లేకపోతే పాతది అనుకోవడం కూడా తప్పే. మోసం చేయదలచినవాడు ముద్ర వేయడు, ఉన్నదాన్ని గీకేస్తాడు. టీ నీళ్లు, మట్టి పూసి పాతదనం తెస్తాడు. నిజంగా చేతులు మారిన పాత బొమ్మకు ముక్కు, పంజా, వీపు లాంటి ఎత్తు భాగాల్లో గ్లేజు అరుగుతుంది. అన్ని చోట్లా ఒకే తీరుగా మాసి ఉంటే అనుమానించాలి.

ఖచ్చితంగా తేల్చే శాస్త్రీయ పరీక్ష ఒకటుంది. మట్టిలోని స్ఫటిక రేణువులు చుట్టూ ఉన్న స్వల్ప రేడియో ధార్మికత నుంచి శక్తిని ఏటేటా కొద్దికొద్దిగా దాచుకుంటాయి. ఆవంలో కాల్చినప్పుడు ఆ ఖాతా సున్నా అవుతుంది. ఆ రోజు నుంచి మళ్లీ లెక్క మొదలు. ప్రయోగశాలలో చిటికెడు పొడిని వేడి చేస్తే, దాచుకున్న శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఎంత వెలుగు వస్తే అన్ని ఏండ్లు. దీన్ని థెర్మోల్యూమినిసెన్స్ అంటారు. ఫిజిక్స్ చదివే తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకొక మాట. మన దేశంలో 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన ఇట్లాంటి బొమ్మ పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పొలంలోనో, పునాది తవ్వేటప్పుడో పాత వస్తువులు బయటపడితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. ఊళ్లోకి వచ్చి పాత ఇత్తడి, పాత జాడీలు అడిగేవాళ్లకు ఇంట్లోవి ఇచ్చేముందు అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పండి.

నాయనమ్మ మాట

అన్నకు ఎలా చెప్పాలో మాకు తెలియలేదు. ఆరు వేలు పోశాడు కదా. ఫోనులో చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను హాస్టల్ల ఉన్నప్పుడు అడిగి తెల్సుకునే దారే లేకుండె. మీరు కనిపెట్టిండ్రు, మంచిదాయె. బొమ్మలైతే అక్కడ్నే ఉండనియ్యుండ్రి" అన్నాడు.

ఇక గేటు సంగతి. మన దగ్గర కూడా కొత్త ఇల్లు కట్టినవాళ్లు గేటు దిమ్మెల మీద సిమెంటు సింహాలు పెడుతున్నారు, అందరూ చూస్తున్నదే. కానీ వార్షికోత్సవం నాడు మాలో ఒకరి నాయనమ్మ ఆ బొమ్మలు చూసి ఒక మాట అన్నది. "మా ఊరి గడీ గేటు మీద గూడ గిట్లనే రెండు సింహాలుండె బిడ్డా. ఆ గేటు ముంగట నడిస్తే మావోళ్లు చెప్పులు చేతుల పట్టుకునేది. వెట్టికి పిలిస్తే పోవుడే గాని, గేటు లోపలికి ఎన్నడు ఇజ్జతుగ పోలే."

అప్పటిదాకా మేము సింహం దేన్ని కాపలా కాస్తుందనే చదివాం. ఎవరిని ఆపడానికి కాస్తుందో ఆలోచించలేదు. చైనాలో కూడా పెద్ద సింహాలు ఉన్నది చక్రవర్తి గేటు ముందూ, అధికారుల గేటు ముందూ. వాటిని చేసిన కుమ్మరి ఆ గేటు దాటి లోపలికి పోయి ఉండడు. ఏ చక్రవర్తి కాలంలో కాల్చారో పుస్తకాల్లో ఉంది. కాల్చినవాళ్లలో చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మన నిజాంసాగర్ కట్ట సంగతీ అంతే. 1923లో మొదలై 1931లో పూర్తయిందని, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ అని చదువుకుంటాం. రాళ్లు మోసినవాళ్ల పేర్లు మన పుస్తకాల్లో లేవు. వాళ్లలో మన తాత ముత్తాతలూ ఉండవచ్చు.

మీటింగు పెట్టుకొని మాట్లాడుకున్నాం. మన గేటు దగ్గర ఏ సింహమూ వద్దు అనుకున్నాం. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని మొదటిసారి వచ్చే ఐదో తరగతి పిల్లవాడికి గేటు దగ్గర ఎవరూ గుడ్లురిమి చూడనక్కరలేదు. బొమ్మలను గ్రంథాలయం బీరువా మీద పెట్టాం. బంతి ఉన్నది కుడి వైపు, పిల్ల ఉన్నది ఎడమ వైపు. పక్కన అట్ట ముక్క మీద రాసింది అన్ననే, తన చేతి రాతతో: "చైనాలో తయారైనవి. 1891 తర్వాతివి. చేసినవారి పేరు తెలియదు. హాస్టల్ తమ్ముళ్లకు కానుక."

వచ్చే వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు వీటిని తప్పక చూడాలని కోరుతున్నాం. తిరగేసి చూడవచ్చు, ముద్ర కూడా చూడవచ్చు. కింద పడకుండా రెండు చేతులతో పట్టుకోవాలని మాత్రం మనవి.